మూడు వేళ్ల పల్లం

బస గుమ్మంలో కూర్చున్న యువతి అషీల్‌ను ఇంగ్లీషులో పలకరించింది. అతను తోలుసంచి నేలమీద పెట్టి, టోపీ తీసి, ఆ ఊరి యాసలోనే తన పేరు చెప్పాడు. ఆమె రాసుకున్న కాగితం చూసుకుని నాలిక కరుచుకుంది.

"అయ్యో, మీరు మనవాళ్లా! దేశం ఆ చివర టోంగెరెన్ నుంచి అని ఉంటే ఎవరో ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లనుకున్నాను."

"మనవాణ్నే. నీ వెనక ఉందే, ఆ గోడకి సున్నం వేసింది కూడా నేనే. అప్పుడిది రొట్టెలవాడి పిండి కొట్టు. లోపలన్నీ ఎలకలు."

"ఎలకల మాట కాస్త మెల్లగా అనండి పెద్దాయనా. పైన జపాన్ నుంచి కొత్త దంపతులు దిగారు."

అతను నవ్వి తాళంచెవి అందుకున్నాడు. గదిలో సంచి పడేసి, ముఖమైనా కడుక్కోకుండా బయటికి వచ్చాడు. అక్టోబరు చివరి సోమవారం. బ్రూజ్‌లో ఆ వేళకు పొగమంచు ఇంకా నీటిని వదలలేదు. కాలువల మీద తిరిగే పడవలు చలికాలానికి కట్టిపడేసే ముందు చివరి రోజులు లెక్కపెట్టుకుంటున్నాయి. గంటల గోపురం పావుగంట పాట వాయించింది. ఆ పాట మధ్యలో ఒక గంట ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగా మోగేది. ఇప్పుడూ అంతే ఆలస్యంగా మోగింది. 

పని మానేసి టోంగెరెన్ వెళ్లిపోయి, పన్నెండేళ్ల తర్వాత వచ్చినవాడికి ఊరు మారిపోయిందని బాధపడే హక్కు ఉంటుంది. అతనికి అది కూడా దక్కలేదు. తాళాలు బాగుచేసే రెమి కొట్లో చాక్లెట్లు వచ్చి కూర్చున్న మాట నిజమే. కానీ రెమి తలుపు అలాగే ఉంది, తలుపు మీది ఇనప కమ్మీ అలాగే ఉంది, గడప మీద అరిగిన గుంట కూడా అలాగే ఉంది. ఏదీ మార్చకూడదన్నది ఇక్కడి చట్టం. ఆ చట్టం కోసమే అతను ముప్పై అయిదేళ్లు గోడలెక్కి దిగాడు. పాతవాటిని పాతవాటిలాగే ఉంచడానికి కొత్త ఇటుకలు పేర్చాడు. బాగా చేసిన పని ఎక్కడుందో చూసేవాడికి తెలియకూడదు. తెలిస్తే అది చెడ్డ పని. అందువల్ల ఈ వీధుల్లో అతని జీవితమంతా ఉంది, కానీ ఇదిగో ఇక్కడ అని ఎవరికీ చూపించలేడు.

ఒక్కచోట తప్ప. అక్కడికే నడుస్తున్నాడు.

నూలువారి కాలువ మలుపులో 'తెల్ల కొంగ' అన్న ఇల్లు ఎడమ భుజం నీటి మీద ఆనించి నిలబడి ఉంది. ముఖమంతా పరంజా కట్టారు. అయినా పైన రెండు కమానులు కనిపిస్తూనే ఉన్నాయి. కింది కిటికీనీ పై కిటికీనీ ఒకే పొడవాటి గూటిలో కలిపి, ఆ గూటిని పైన కమానుతో ముగించడం ఇక్కడి ఇళ్ల తీరు. కుడి కమాను ఉన్నచోట ఉంది. ఎడమది దానికన్నా మూడు వేళ్లు పల్లంలో ఉంది. తెలియనివాడికి అది ఇంటికి నిద్రమత్తులో కన్ను కొద్దిగా వాలినట్టుంటుంది.

వంతెన మీద ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు పాతికమందికి అదే కమాను చూపిస్తున్నాడు. "అయిదొందల ఏళ్ల కిందటి తాపీవాడు కావాలనే దించాడు! దోషం లేనివాడు దేవుడొక్కడే, నేను కాదు అని చెప్పుకోవడానికి!" పాతిక ఫోన్లు పైకి లేచాయి. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

అషీల్ తల వంచుకుని, ఫోన్ల కిందుగా, పరంజా వైపు దాటుకున్నాడు.

పసుపు టోపీ పెట్టుకున్న అమ్మాయి నిచ్చెన దిగి ఎదురొచ్చింది. ఆమె లోబ్కె. పాత ఇళ్ల సంఘం తరఫున ఈ పని చూస్తున్న ఇంజనీరు, ముప్పై దాటి ఉండదు. అతన్ని ఉత్తరం రాసి పిలిపించింది ఆమే.

"అషీల్ స్ట్రుబ్బె గారూ! ఇంత తొందరగా వస్తారనుకోలేదు. కాఫీ తాగారా?"

"గోడ చూశాక తాగుదాం. ఏమైంది దానికి?"

"మొహం ఇటుకలు వెనక గోడని వదిలేస్తున్నాయి. ఎడమ కమాను మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. సమస్య అది కాదు." ఆమె చంకలోని ఫైలు తెరిచింది. "మళ్లీ ఎక్కడ కట్టాలన్నది సమస్య. ఇప్పుడున్న చోటా, కుడిదానికి సమానంగానా? డెబ్బై ఆరులో మీరంతా దీన్ని తిరిగి కట్టినప్పటి పటంలో రెండూ సమానంగానే ఉన్నాయి. అంతకుముందు ఎలా ఉండేదో చెప్పే ఫోటో లేదు. పాత తాపీవాడు దించి ఉంటే దాన్నలాగే ఉంచాలి. డెబ్బై ఆరులో జరిగిన పొరపాటైతే సరిచేయాలి. గురువారం పొద్దున సంఘం పెద్దలు వచ్చి తేల్చేస్తారు."

"మరి ఏం దొరికింది మీకు?"

"కాంట్రాక్టరు రోమాన్ రాసిపెట్టిన ఒక్క వాక్యం." ఆమె చదివింది. "ఎడమ కమాను పటానికి మూడు వేళ్లు పల్లంగా వచ్చినది. కట్టిన మేస్త్రిని పనిలోనుంచి తొలగించడమైనది. అంతే. ఆ మేస్త్రి ఓడీల్ గీసెలెన్. టోర్‌హౌట్ ఊళ్లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నారట. రెండు ఉత్తరాలు రాశాను, పలుకూ లేదు ఉలుకూ లేదు. ఆ వారం హాజరు పట్టీలో ఆయన పక్కన ఉన్న పేరు మీది." ఆమె ఫైలు మూసి అతని కళ్లలోకి చూసింది. "మీకు గుర్తుందా? అది పొరపాటేనా?"

అషీల్ పరంజా కమ్మీ పట్టుకున్నాడు. అల్యూమినియం, మంచులా చల్లగా ఉంది. అతని కాలంలో తాళ్లతో బిగించిన సరుగుడులాంటి కర్రలుండేవి.

"పైకెక్కి చూడాలి," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే ఎక్కాడు. మోకాళ్లు ప్రతి మెట్టుకూ తమ అభ్యంతరం తెలియజేశాయి. పైపలక మీద మోకాళ్లూని కమాను అంచును అరచేత్తో తడిమాడు. సందుల్లో సిమెంటు కలిపిన గచ్చు బూడిదరంగులో బిగిసి ఉంది. పాత సున్నం గోటితో గీకితే రాలుతుంది. ఇది రాలదు. ఇది వాళ్లు పెట్టినదే.

కమాను కట్టడానికి ముందు దాని ఆకారంలో ఒక చెక్క చట్రం గోడలో నిలబెడతారు. ఇటుకలు ఆ చట్రం వీపు మీద పేరుస్తారు. గచ్చు బిగిశాక చట్రం తీసేస్తారు. చట్రం ఎక్కడుంటే కమాను అక్కడే పుడుతుంది. ఆ శనివారం మధ్యాహ్నం ఎడమ చట్రం నిలబెట్టింది ఇరవై మూడేళ్ల అషీల్. పటం చూసి కొలిచాడు, మేకులు కొట్టాడు, తొందరలో ఉన్నాడు. సోమవారం ఓడీల్ దాని మీద ఇటుకలు పేర్చాడు. గురువారం చట్రం తీసేసరికి కమాను మూడు వేళ్లు పల్లం. కింద వీధిలో పటం గీసిన దొర, కాంట్రాక్టరు రోమాన్, వాళ్ల వెనక ఇంకా నలుగురు కోటువాళ్లు. "ఎవడు చేశాడిది?" అని రోమాన్ కేక. అషీల్ చేతిలోని గచ్చు బొక్కెనలోకి చూశాడు. పక్కనున్న ఓడీల్ తాపీ తుడుచుకుంటూ, "నేనే" అన్నాడు. ఏటా ఊరంతా కదిలే పవిత్ర రక్తపు ఊరేగింపు వారం రోజుల్లో ఆ వీధి మీదుగానే వెళ్లాలి. ఊరేగింపు దారిలో పరంజా ఉండడానికి వీల్లేదు. అందుకని కమానును విప్పి మళ్లీ కట్టే వ్యవధి లేకపోయింది. మనిషిని విప్పేయడానికి మాత్రం ఒక్క పూట చాలింది.

అషీల్ తప్పును ఓడీల్ తన నెత్తిన వేసుకున్నాడు. అషీల్ దాన్ని వేసుకోనిచ్చాడు. ఆ తర్వాత ఎన్ని వందల గోడలు కట్టినా అతని లోపలి గోడ ఆ మూడు వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

"మా వంకర కమాను మీద మీకంత ప్రేమా? అరగంటనుంచి నిమురుతున్నారు!"

నిచ్చెన మీదినుంచి తెల్లటి తలకాయ ఒకటి పైకొచ్చింది. లోబ్కె వెనకనుంచి పరిచయం చేసింది. ఫ్లోరెన్ట్ గారు, ఒకప్పుడు వకీలు, ఇప్పుడు సంఘం అధ్యక్షుడు. ఆయన ఆయాసపడుతూనే చెయ్యి అందించాడు.

"నా అభిప్రాయం దాచను స్ట్రుబ్బె గారూ. ఇది పొరపాటైతే సరిచేయాలి. మొన్న నా మనవరాలు బడిలో వ్యాసం రాసింది, తాపీవాడు దేవుడి ముందు తల వంచాడని. దానికి మార్కులు కూడా వేశారు! ఎవడో తాగొచ్చి చేసిన పనిని అయిదొందల ఏళ్ల భక్తి అని అమ్ముతున్నాం. ఇది మోసం కాదూ?"

"ఓడీల్ పని వేళ తాగేవాడు కాదు," అన్నాడు అషీల్.

గొంతు అతను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఫ్లోరెన్ట్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"క్షమించండి. నాకాయన తెలియదు. మాటవరసకి అన్నాను."

"నాకైతే వంకరగానే అందంగా ఉంది," అంది లోబ్కె. "కానీ అందంగా ఉందన్నది ఫైల్లో రాసే కారణం కాదు. స్ట్రుబ్బె గారూ, మీరు చెప్పేదే మాకు మిగిలిన సాక్ష్యం."

నిజం చెబితే ఈ కమాను పోతుంది. దాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకునే మనుషులకు రెండు సమానమైన కమానులు మిగులుతాయి, వాటిని చూసి ఎవరూ ఆగరు. చెప్పకపోతే ఫైల్లో ఆ వాక్యం శాశ్వతంగా ఉంటుంది. అషీల్‌కు సందేహం కలిగింది వీటి మధ్య కాదు. నలభై ఎనిమిదేళ్లు దాచిన మాటను దాని సొంతదారుడికి చెప్పకుండా ముందు వకీలుకు చెప్పడం మర్యాదేనా అని.

"గురువారం చెబుతాను," అన్నాడు. "ముందు టోర్‌హౌట్ వెళ్లి రావాలి."

ఆ సాయంత్రం కాలువ గట్టు మీది చెక్కబల్ల మీద కూర్చుని, కాగితపు పొట్లంలో వేయించిన బంగాళాదుంపలు తింటూ భార్యకు ఫోన్ చేశాడు. లుట్‌గార్డ్ అంతా విని, "హమ్మయ్య" అంది.

"హమ్మయ్య ఏమిటి?"

"పెళ్లైనప్పటినుంచీ నిద్రలో పళ్లు కొరుకుతావు. ఎవర్ని నములుతున్నావో ఇప్పటికి తెలిసింది. పొద్దున్నే వెళ్లు. ఉత్త చేతుల్తో వెళ్లకు. ఏమైనా తీసుకెళ్లు."

"ఏం తీసుకెళ్లను? నలభై ఎనిమిదేళ్లకి ఏ మిఠాయి సరిపోతుంది?"

"పొగాకు తీసుకెళ్లు," అంది ఆమె. "అతిగా ఆలోచించకు."

*

టోర్‌హౌట్ ఆశ్రమంలో అది మధ్యాహ్న భోజనం వేళ. ఓడీల్ కిటికీ పక్క బల్ల దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి ఎముకల గూడులా ఒదిగిపోయినా చేతులు మాత్రం చిక్కలేదు. పళ్లెంలో మజ్జిగ పోసి మెదిపిన బంగాళాదుంప, దాని మీద బూడిదరంగు చిట్టి రొయ్యలు, పక్కన గుడ్డు. దుంపముద్ద అంచును చెంచాతో, తాపీతో చేసినట్టు, నున్నగా దిద్దుతున్నాడు. అషీల్ వచ్చి నిలబడ్డా తలెత్తలేదు.

"కూర్చోరా అషీల్. వెలుగుకి అడ్డం వస్తున్నావు."

"గుర్తుపట్టావా మేస్త్రీ?"

"నడక మారలేదు. ఇప్పటికీ పరంజా పలక మీద నడుస్తున్నట్టే నడుస్తావు." ఓడీల్ ఒక ముద్ద మింగాడు. "నన్ను పంపేసిన మూడేళ్లకి, ఒకసారి ఇక్కడి సంతలో నన్ను చూసి టోపీల కొట్లో దూరావు."

అషీల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు చూశావా?"

"చూడక? టోపీ కొన్నావా మరి?"

"కొన్నాను."

"సరిపోయిందా?"

"లేదు. వదులు."

ఓడీల్ భుజాలు కదిలాయి. నవ్వు బయటికి రాకుండా లోపలే తిరిగింది. అషీల్ పొగాకు పొట్లం బల్ల మీద పెట్టాడు. ముసలాయన వాసన చూసి, పరిచారిక చూడకుండా ఒడిలో దాచుకున్నాడు.

"తెల్ల కొంగ ఇంటిని మళ్లీ విప్పుతున్నారు," అన్నాడు అషీల్.

"తెలుసు. రెండు ఉత్తరాలొచ్చాయి. 'మాజీ తాపీ పనివారైన శ్రీ గీసెలెన్ గారికి' అని! మాజీ ఏంటి? నేను పని మానలేదు, మాన్పించారు. కావాలంటే వాళ్లే వస్తారులే అని ఊరుకున్నాను. వాళ్లు రాలేదు, నిన్ను తోలారు."

"వాళ్లు తోలితే రాలేదు. నేను నీకొకటి చెప్పాలి." దారిపొడవునా రైల్లో కూర్చిన మాటలన్నీ ఎక్కడికో పోయాయి. "ఆ చట్రం నేను నిలబెట్టాను మేస్త్రీ. శనివారం. తొందరలో ఉన్నాను. కొలత తప్పింది. తప్పు నాది. నువ్వు నీ మీద వేసుకున్నావు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. రేపు అందరి ముందూ చెప్పేస్తాను. అంతకుముందు నీకు చెప్పాలని."

ఓడీల్ చెంచా పళ్లెంలో పెట్టాడు. అషీల్ ముఖంలోకి చూశాడు. ఆ చూపులో మెత్తదనం కోసం అషీల్ వెతికాడు. కనబడలేదు.

"నీ కోసం వేసుకున్నానా?" అన్నాడు ఓడీల్ మెల్లగా. "నీ కోసమా?"

"మరి?"

"ఒరేయ్. నువ్వు నిలబెట్టిన చట్రం పటానికి సరిగ్గా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని దించింది నేను."

కిటికీ అవతల ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. అషీల్‌కు చీపురు చప్పుడు ఒక్కటే వినిపించింది.

"నువ్వు నాలుగయ్యేసరికి పరుగెత్తావు, ఏదో పిల్లతో నాట్యానికి."

"లుట్‌గార్డ్. ఆమెనే చేసుకున్నాను."

"మంచిది. ఒక్కటైనా నిలబడింది. నువ్వెళ్లాక నేను ఎడమ మూల మిగిలిపోయిన పాత గారను కొట్టి రాల్చాను. వెనక పాత కమాను పాదం కనబడింది, మొదటి ఇటుక. ఏటవాలుగా చెక్కి, గుల్లసున్నంలో కూర్చోబెట్టిన ఇటుక. మూడు వేళ్లు పల్లంలో ఉంది. నేను ఇటుకల వరసలు చూశాను. ఆ గోడ వరసలు నీటి వైపు దిగుతాయిరా. ఇల్లు కాలువ వైపు కుంగింది, పై అంతస్తు కట్టే నాటికే కుంగింది. ఆనాటి తాపీవాడికి దేవుడూ లేడు, వినయమూ లేదు. వరసలు దిగుతుంటే కమాను కూడా వాటితోనే దిగింది. లేకపోతే ఒక పక్క ఇటుకల్ని చీల్చి ఇరికించాలి. అతను గోడ మాట విన్నాడు. మన దొర ఆఫీసులో కూర్చుని స్కేలు పెట్టి గీశాడు. నేను చట్రం దించాను. సోమవారం నీకు చూపిద్దామనుకున్నాను. నువ్వు ఆ పిల్ల గురించే వాగుతూ కూర్చున్నావు."

"రోమాన్‌కి చెప్పలేదా?"

"ఆఫీసులో చెప్పాను. మేస్త్రికి తాపీ ఇచ్చింది చేతికి, నోటికి కాదు అన్నాడు. పైకెక్కి చూడండి, ఒక్క ఇటుక తీస్తే కనబడుతుంది అన్నాను. దొర బూట్లు మంచివి, ఎక్కలేదు." ఓడీల్ మళ్లీ చెంచా అందుకున్నాడు కానీ తినలేదు. "ఆ తర్వాత పందుల దొడ్లు కట్టాను. వంద దాటి ఉంటాయి. ఏ పందీ ఫిర్యాదు చెయ్యలేదు. కానీ పాత గోడ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు ఎవరూ."

అషీల్‌కు ఊపిరి తేలికపడవలసింది. తప్పు తనది కాదు. అయినా గుండె మీది బరువు దిగలేదు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిగిందంతే.

"నాకిది తెలిసి ఉంటే..." అన్నాడు.

"తెలిసి ఉంటే ఏంటి?" ఓడీల్ గొంతులో మొదటిసారి కోపం వచ్చింది. "నన్ను మండిస్తున్నది అది కాదురా. నువ్వు ఇన్నేళ్లూ ఏమనుకున్నావు? నువ్వు తప్పుగా పెట్టిన చట్రం మీద నేను కళ్లు మూసుకుని ఇటుకలు పేర్చాననా? గుండు దారం వెయ్యకుండా, మట్టం పెట్టకుండా? మూడు వేళ్లు కనిపించని మేస్త్రిననా?"

అషీల్ ఆ ప్రశ్న ఎప్పుడైనా వేసుకున్నాడా? లేదు. ఇన్నేళ్ల పశ్చాత్తాపంలో ప్రతి రోజూ అతను ఓడీల్‌ను త్యాగమూర్తిని చేశాడు. ఒక్క రోజు కూడా పనివాడిగా చూడలేదు. ఆ కథలో తప్పు తనదే, బాధ తనదే, చివరికి గొప్పతనం కూడా సగం తనదే. తన గురించి అంతగా ఆలోచించినవాడికి పక్కనున్నవాడి చేతులు గుర్తు రాలేదు.

"అవును మేస్త్రీ," అన్నాడు. "అదే అనుకున్నాను."

 ఓడీల్ పళ్లెం ముందుకు నెట్టాడు.

"రొయ్యలు తిను. నాకు పడవు. ఇక నోరు మూసుకున్నానంటావా, అది నీది. దాన్ని నేనేం చెయ్యలేను. క్షమించానంటే పోయేది కాదు, తిడితే పోయేది కాదు. నువ్వే మోసుకో." తర్వాత మామూలు గొంతుతో అన్నాడు: "ఎడమ పాదం దగ్గర, కిందనుంచి మూడో వరస, మూలనుంచి రెండో ఇటుక. దాని వెనక ఉంది. సుత్తి పెట్టి బాదొద్దు. సన్నటి ఉలితో సందులు తవ్వి బయటికి లాగు."

*

గురువారం పొద్దున పరంజా పలక మీద నలుగురు నిలబడ్డారు. లోబ్కె, ఫ్లోరెన్ట్, పేరు చెప్పి ముక్కు చీదుకుంటూ నిలబడ్డ సంఘం సభ్యుడొకాయన, అషీల్. ఒక్క ఇటుక తీసి చూడాలని అతను అడిగినప్పుడు ఫ్లోరెన్ట్ సందేహించాడు.

"గీసెలెన్ గారు చెప్పారంటారు. ఆయనకి దీంట్లో సొంత పట్టుదల ఉండొచ్చు కదా?"

"ఉంది," అన్నాడు అషీల్. "అందుకే మాట నమ్మొద్దు. ఇటుక తీయనివ్వండి."

లోబ్కె కుర్రమేస్త్రిని పిలవబోతే వద్దని, సన్నటి ఉలి తనే తీసుకున్నాడు. పక్కకు ఒరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కిందనుంచి మూడో వరస, మూలనుంచి రెండో ఇటుక. సిమెంటు గచ్చు మొండికేసింది. ఒక్కో దెబ్బకు ఆవగింజంత రాలింది. ముందు పై సందు, తర్వాత పక్క సందులు, చివరికి కింది సందు. దుమ్ము కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంది. కింద పడవ ఒకటి మెల్లగా సాగిపోయింది. సభ్యుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ముప్పావుగంటకు ఇటుక వదులైంది. అషీల్ ఉలి పక్కన పెట్టి, రెండు చేతుల వేళ్లతో దాన్ని అటూ ఇటూ ఊపి, పురిట్లో బిడ్డను అందుకున్నట్టు బయటికి తీశాడు.

లోబ్కె దీపం లోపలికి పెట్టింది. 

వెనక ఒక పెద్ద ఇటుక కనిపించింది. ఇప్పటి ఇటుకకు రెండింతలుంది, పై అంచు ఏటవాలుగా చెక్కి ఉంది. దాని చుట్టూ గచ్చు పాలతెలుపు. అషీల్ వేలు లోపలికి చాపి గీకాడు. గోటి కింద సున్నం పొడిపొడిగా రాలింది. అందులో బియ్యపు నూకంత గవ్వ పెంకు ఒకటి మెరిసింది. లోబ్కె రసమట్టం పెట్టి, కుడి కమాను పాదంనుంచి దారం లాగి కొలిచింది. మళ్లీ కొలిచింది.

"మూడు వేళ్లు," అంది.  "ఇది ఆ కాలందే. కమాను మొదటినుంచీ ఇక్కడే ఉంది."

ఫ్లోరెన్ట్ కష్టపడి వంగి, కళ్లజోడు తీసి, కన్ను రంధ్రానికి ఆనించి చూశాడు. లేచాక జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకుంటూ, "నా జీవితంలో ఇంత సంతోషంగా ఏ వ్యాజ్యమూ ఓడిపోలేదు," అన్నాడు. "కమాను ఉన్నచోటే కడదాం. రాసుకో అమ్మాయ్. స్ట్రుబ్బె గారూ, మీ రుణం తీర్చుకోలేం. పదండి, వేడిగా ఏమైనా తాగుదాం."

సభ్యుడు అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. లోబ్కె కలం మూత పెట్టింది. అంతా అయిపోయింది. ఇటుక తన సాక్ష్యం తాను చెప్పింది. అషీల్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, ఇక అడగరు కూడా. కిందికి దిగి కాఫీ తాగి, మధ్యాహ్నం రైలెక్కితే సరిపోతుంది. తప్పు తనది కాదన్నది కూడా ఇప్పుడు రుజువైంది. అతను తీసిన ఇటుకను ఒడిలో పెట్టుకుని ఒక నిమిషం అలాగే కూర్చున్నాడు.

"ఒక మాట ఉంది," అన్నాడు. "అది కూడా రాసుకోవాలి."

"కమాను నిలిచింది కదండీ," అన్నాడు ఫ్లోరెన్ట్.

"కమాను నిలిచింది. మేస్త్రిని తొలగించడమైనది అన్న మాట కూడా మీ ఫైల్లో నిలిచే ఉంది."

లోబ్కె ఫైలు మళ్లీ తెరిచి మోకాలి మీద పెట్టుకుంది. ఫ్లోరెన్ట్ నిచ్చెన వదిలి వెనక్కి వచ్చాడు. అషీల్ చెప్పాడు. ఓడీల్ గీసెలెన్ పాత పాదాన్ని కనిపెట్టాడని, గోడ వరసల్ని అనుసరించి చట్రం దించాడని, పటమే తప్పని, ఆ సంగతి చెప్పినా ఎవరూ పైకెక్కి చూడలేదని. ఆమె ఒక్కో వాక్యం రాసి ఆగింది, అతను ఇంకోటి చెప్పాడు.

"మరి మీ గురించి ఏం రాయను?" అని అడిగింది.

"ఆయన పక్కన ఇదే ఎత్తున నిలబడి ఉన్నాను. చేతిలో గచ్చు బొక్కెన ఉంది. ఎవడు చేశాడని కింది నుంచి అడిగారు. తప్పు నాదే అనుకున్నాను. అయినా చెప్పలేదు. ఆయన్ని పంపించేశారు. నేను ఈ ఊళ్లోనే ముప్పై అయిదేళ్లు పని చేశాను."

కలం కాసేపు ఆగింది. తర్వాత కదిలింది. ఫ్లోరెన్ట్ నీటి వైపు తిరిగి నిలబడ్డాడు.

"చదవండి," అన్నాడు అషీల్.

ఆమె చదివింది. చివరి వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గించింది. "సహాయకుడు అషీల్ స్ట్రుబ్బె అసలు కారణం తెలియక మౌనంగా ఉండిపోయారు."

"తెలియక అన్నది తీసేయండి."

"కానీ అది నిజమే కదండీ. మీకు నిజంగా తెలియదు."

"కారణం తెలియదన్నది నిజం. నేను మాట్లాడకపోయింది అందుకు కాదు. కొట్టేయండి."

లోబ్కె అతని ముఖంలోకి చూసింది. తర్వాత తల వంచి ఆ మాటలమీద గీత పెట్టింది. ఫైలు అతని వైపు తిప్పింది. అతను సున్నం అంటిన వేళ్లతోనే సంతకం చేశాడు. కాగితం మీద బొటనవేలి దుమ్ము మరక తెల్లగా పడింది. దాన్ని తుడవబోయి ఆగిపోయాడు.

కమాను విప్పేదాకా వెనకున్న పాత పాదానికి వాన తగలకూడదు. అందరూ దిగిపోయాక బొక్కెనలో కొద్దిగా సున్నం కలిపి, తీసిన ఇటుకను తడిపాడు. రంధ్రం అంచుల్ని కూడా తడిపి, తాపీతో లోపల మెత్తటి పడక పరిచాడు. సున్నం బిగియక ముందే దాన్ని తిరిగి దాని చోట కూర్చోబెట్టాలి.